డెబ్భై రెండు చీజులకు తలంటు

ఫ్రాన్సులో పొలిన్యీ అనే చిన్న ఊళ్లో బస్సు దిగిన రోజు ఇంగ్రిడ్ చేతిలో ఉన్న సరుకు ఏమిటంటే, స్కూల్లో మూడేళ్లు బట్టీ పట్టిన ఫ్రెంచి, ఆరు వారాల గడువు, నాన్న చిన్నప్పట్నించీ నూరిపోసిన ఒక్క సూత్రం. అమెరికాలో, డులూత్ అనే ఊళ్లో, సరస్సు ఒడ్డున గాలాలూ వలలూ అమ్మే కొట్టు ఆయనది. "సరుకు మీద దుమ్ముంటే అది ఎవరూ కొనని సరుకని జనం అనుకుంటారు. ఖాళీగా కూచోకు, గుడ్డ పట్టుకో" అనేవాడు. పదిహేడేళ్ల పిల్లకి ఇది తక్కువ పెట్టుబడేం కాదు. కాకపోతే ఊరు మారినప్పుడు ఏ పెట్టుబడికైనా మళ్లీ ఒకసారి విలువ కట్టి చూసుకోవాలి. ఆ పని ఆమె చెయ్యలేదు.

వేసవి సెలవుల్లో పని నేర్చుకోడానికి వచ్చిన పదకొండుమంది హైస్కూలు పిల్లల్లో ఇంగ్రిడ్ ఒకతె. ఆమెకి దొరికింది మొస్యూ లామీ, అంటే లామీగారు, అనే ముసలాయన చీజుల కొట్టు. పోయిన వారం మనం ఆమెని వదిలిపెట్టింది ఆ కొట్టు కింద నేలమాళిగలో. గురువారం మధ్యాహ్నం, పన్నెండింటికి ఊరంతా తలుపులు మూసి భోజనాలకి వెళ్లిన వేళ, పై అరల మీద డెబ్భై రెండు మేకపాల చీజులు ఆమె కంటపడ్డాయి. ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత. ఒక్కోదాని ఒంటినిండా బూడిదరంగు బూజు, పిల్లి బొచ్చులాగా. పాపం ముసలాయనకి కళ్లు ఆనడం లేదనుకుంది. బండి చక్రాలంత ఆవుపాల చీజుల్ని ఉప్పునీళ్ల గుడ్డతో రుద్దడం రెండోరోజే ఆయన నేర్పాడు కదా, అదే గుడ్డ తీసుకుని, అవే ఉప్పునీళ్లతో డెబ్భై రెండింటినీ బూజు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, వరసలుగా పేర్చింది. మొస్యూ లామీ భోజనం చేసి వచ్చి దీపం ఎత్తి చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

ఇంగ్రిడ్ పక్కనే గుడ్డ పిండుతూ నిలబడింది.

"ఎంతసేపు పట్టిందమ్మాయ్?" అన్నాడు ఆయన.

"గంటా నలభై నిమిషాలు, మొస్యూ." గొంతులో కాస్త గర్వం ఇంకా మిగిలే ఉంది.

"కొండ మీద మేకల సోలాంజ్‌కి పంతొమ్మిది రోజులు పట్టింది."

"దేనికండీ?"

"ఆ బొచ్చు మొలిపించడానికి." ఒక చీజు తీసి దీపం దగ్గర తిప్పాడు. అది గుండు చేయించుకున్న పసివాడి తలలా తెల్లగా, తడిగా మెరిసింది. "రోజుకి రెండుసార్లు ఒక్కోదాన్నీ చేత్తో తిప్పుతుంది. తేమ చూస్తుంది, గాలి చూస్తుంది. రుచంతా ఆ తోలు కిందే తయారవుతుంది. నువ్వు ఒలిచేసింది మురికి కాదు, చొక్కా."

ఇంగ్రిడ్ చేతిలో గుడ్డ బరువెక్కింది. క్షమించండి అనడానికి ఫ్రెంచిలో నాలుగు రకాలు నేర్చుకుంది. నాలుగూ వరసగా అప్పజెప్పింది.

"తప్పు సగం నాది. పెద్దవాటిని రుద్దమన్నాను గానీ చిన్నవాటిని ముట్టుకోవద్దని చెప్పలేదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి చెప్పక్కర్లేదు మరి." ఆయన మోకాళ్లు పట్టుకుని లేచాడు. "రేపు శుక్రవారం, సంత. సోలాంజ్ కొండ దిగి వస్తుంది. వచ్చి ఏమీ కొనదు. తన సరుకు నా బల్ల మీద ఎలా కూచుందో చూసుకుని పోతుంది. ఇంతకు ముందు రెండు కొట్లు మానేసింది. ఒకాయన ప్లాస్టిక్ కప్పాడని. ఇంకొకాయన పక్కన ఫ్యాక్టరీ సరుకు పెట్టాడని."

"ఆవిడ మానేస్తే ఏమవుతుంది?"

"జనం ఆవిడ చీజు కోసం నా దగ్గర వరస కడతారు. నిలబడ్డారు కాబట్టి మిగతావీ కొంటారు. ఆ వరస పోతే ఈ కొట్టు ముసలాడి కాలక్షేపం."

అది ఆయన సంగతి. ఇంగ్రిడ్ సంగతి వేరే ఉంది. ప్రతి శుక్రవారం వాళ్ల స్కూలు టీచరు మిసెస్ ఫెల్ప్స్ ఒక కాగితం పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతుంది. ‘ఈ విద్యార్థి మీ దగ్గర కొనసాగవచ్చా?’ అని దాని మీద ఉంటుంది. అవును, కాదు అని రెండు గళ్లు. కాదు అని పడ్డవాళ్లు మిగతా వారాలన్నీ ఊరి కార్యాలయంలో పర్యాటకుల కరపత్రాలు మడతపెట్టాలి. అప్పటికే ఒకడు అక్కడ మడతపెడుతున్నాడు. బేకరీలో మధ్యాహ్నం తలుపు వేస్తుంటే "ఇంకా జనం ఉన్నారు కదండీ" అని తలుపుకి అడ్డంగా నిలబడ్డవాడు.

ఇంగ్రిడ్ బుర్ర కొట్టు పిల్ల బుర్ర. గబగబా దారులు వెతికింది.

"రేపు బల్ల మీద పెట్టకపోతే? అయిపోయాయని చెబితే?"

"బుధవారం ఎన్ని తెచ్చిందో ఆవిడకి తెలుసు. సంత తెరవకముందే ఎలా అయిపోతాయి?"

"పారేస్తే?"

మొస్యూ లామీ ఆమెని వింతగా చూశాడు. "తిండి పారేస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"పోనీ, చూడ్డానికి నిన్న చేసినవాటిలా ఉన్నాయి కదా. తాజావని చెప్పి అమ్మేస్తే?"

"మొహం మూడురోజులది, నాలుక పంతొమ్మిది రోజులది. కొన్నవాడు కొరికేదాకానే ఆ అబద్ధం." దీపం ఆమె చేతికిచ్చి మెట్లెక్కసాగాడు. "నేనే కడిగానని చెబుతాలే. చూపు మందగించింది అంటాను. ముప్ఫై ఏళ్లుగా తిడుతూనే ఉంది, ఇంకో అరగంట తిడుతుంది. నువ్వు రేపు గల్లా దగ్గర నిలబడి ఏమీ తెలియనట్టు ఉండు."

చౌక బేరం. ఇంగ్రిడ్‌కి ఒక్క పైసా ఖర్చులేదు. ఆయన తిట్లు తింటాడు, ఆమెకి అవును గడిలో గీత పడుతుంది. గుడ్డ ఉతికి ఆరేస్తూ ఆ బేరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చూపు మందగించిన ముసలాడి దగ్గర సోలాంజ్ తన సరుకు ఎందుకు ఉంచుతుంది? ఇవాళ మేకవి కడిగినవాడు రేపు ఇంకేం చేస్తాడో అనుకోదూ? తెలియని పిల్ల చేసిందంటే పిల్ల వెళ్లిపోతుంది, కొట్టు మిగులుతుంది. ఆయన చేశానంటే కొట్టు మీదే నమ్మకం పోతుంది. ఆయన తనని కాపాడబోయి కొట్టునే పణంగా పెడుతున్నాడు. ఆ సంగతి ఆయనకి తెలుసో తెలియదో గానీ, ఇంగ్రిడ్‌కి తెలిసిపోయింది. తెలిశాక గల్లా దగ్గర ఏమీ తెలియనట్టు నిలబడటం ఆమె వల్ల కాదు.

శుక్రవారం పొద్దున మొస్యూ లామీ కాఫీకి వెళ్లిన పది నిమిషాల్లో ఆమె బల్ల పక్కగా ఒక చెక్క వేసి, గుండు చీజులన్నీ దాని మీద పేర్చింది. పలక తీసుకుని సుద్దతో రాసింది. ‘ఇవి మదామ్ సోలాంజ్ చీజులు. బాగున్నవాటిని నేను కడిగి పాడుచేశాను. తప్పు నాది, కొట్టుది కాదు. సగం ధర. ఇట్లు, అమెరికా పిల్ల.’

గడియారాల కొట్టులో పని నేర్చుకుంటున్న ఓవెన్ అటుగా వచ్చి పలక చదివి ఈల వేశాడు. ఓవెన్ కూడా వాళ్ల స్కూలే.

"ఇది నిజంగా పెడుతున్నావా? మిసెస్ ఫెల్ప్స్ చూస్తే?"

"చూడనీ."

"నిన్న మా ఆవిడకి, అదే, గడియారాలాయన భార్యకి, పలకరింపుగా బుగ్గలకి మూడు ముద్దులిచ్చా. ఇక్కడ రెండేనట. మూడోదానికి ఆవిడ మొహం తిప్పేసుకుంది, నా ముక్కు వెళ్లి ఆవిడ కళ్లజోడుకి తగిలింది. నాదే పెద్ద తప్పనుకున్నా."

"నీది ఒక్కటే కళ్లజోడు. నావి డెబ్భై రెండు."

"కరపత్రాల దగ్గర నీకో కుర్చీ పట్టి ఉంచమని చెప్తాలే," అని నవ్వుకుంటూ పోయాడు.

కాఫీ తాగి వచ్చిన మొస్యూ లామీ పలక చదివాడు. మళ్లీ చదివాడు. మీసం మీద చెయ్యి వేసుకుని, "నీ రాతలో తప్పుల్లేవు" అని మాత్రం అన్నాడు. అప్పటికే పలక ముందు నలుగురు చేరారు. ఇంక తీసెయ్యడానికి లేదు.

జనం మామూలుగా చీజు వంక చూసి కొంటారు. ఆరోజు పలక చదివి, పిల్ల వంక చూసి కొన్నారు.

"ఏ సబ్బుతో కడిగావమ్మా?" అంది ఒక లావుపాటావిడ.

"సబ్బు కాదండీ, ఉప్పునీళ్లే."

"మా ఆయన్ని తీసుకొస్తా, ఓసారి ఆయన్నీ కడిగిపెట్టు. రెండివ్వు."

వెనక ఉన్న పోస్టుమాన్ అందుకున్నాడు. "అమెరికాలో చీజులకి కూడా గుండు గొరిగిస్తారా?"

"గొరిగించం లెండి, షాంపూ పెడతాం," అంది ఇంగ్రిడ్. అనేశాక భయపడింది గానీ వరసంతా నవ్వింది. పోస్టుమాన్ మూడు తీసుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమెకి వచ్చిన ఫ్రెంచి ‘ఎంత కావాలండీ’, ‘ఇంకేమైనా’ దగ్గరే ఆగిపోయింది. ఆ ఒక్క పూటలో దెప్పడం, దెప్పితే తిప్పికొట్టడం వచ్చేశాయి. పది గంటలయ్యేసరికి నలభై ఒకటి పోయాయి.

అప్పుడు వరస తనంతట తానే రెండుగా చీలింది.

సోలాంజ్ మనిషి పొట్టి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఎండల్లో కూడా ఊలు చొక్కా. ఎవరికీ పలకరింపు లేదు. నేరుగా పలక దగ్గరికొచ్చి పెదాలు కదుపుతూ చదివింది. ఒక చీజు ఎత్తింది. వాసన చూసింది. గోటితో నొక్కింది.

"ఎవరు?" అంది, లామీ వంక చూసి.

"నేనే," అన్నాడు మొస్యూ లామీ. "చూపు..."

"కాదు మదామ్, నేను," అంది ఇంగ్రిడ్.

సోలాంజ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ చెరో వైపూ రుద్దారా?"

"నేనొక్కదాన్నే. ఆయన భోజనానికి వెళ్లారు. ఆయనకి తెలియదు. ఇప్పుడు నన్ను కాపాడటానికి చెబుతున్నారు."

"ఎందుకు కడిగావు?"

"మా ఇంట్లో కూడా కొట్టే మదామ్. దుమ్ము పట్టిందంటే అమ్ముడుపోని సరుకని లెక్క. ఇంత మంచి సరుకు అలా ఉండకూడదనుకున్నా."

"అంటే నావి అమ్ముడుపోవనుకున్నావు."

చుట్టూ జనం బుట్టలు చంకన పెట్టుకుని, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. లావుపాటావిడ తన రెండింటినీ మెల్లగా బుట్ట అడుక్కి తోసేసింది.

సోలాంజ్ జేబులోంచి మడతకత్తి తీసి చీజుని రెండుగా కోసింది. ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ఉప్పగా ఉంది. లోపల ఇంకా బతికే ఉంది, పాపం. పైన ఏమీ లేదు." కత్తి తుడుచుకుంది. "పోనీ. తెలియని పిల్ల, తెలియని పని. ఇది నేను మన్నిస్తా."

ఇంగ్రిడ్ ఊపిరి పీల్చుకోబోయింది.

"ఇది మాత్రం మన్నించను." కత్తి కొనతో పలక మీద ఒక్క మాటని చూపించింది. సగం ధర.

"పాడైంది కదా మదామ్. పూర్తి ధర అడగడం న్యాయం కాదు కదా."

"నా చీజుకి నలభై ఏళ్లుగా ఒకటే ధర. యుద్ధమొచ్చినా అంతే అనేదాన్ని. వచ్చే శుక్రవారం మంచివి తెస్తా. ఈ పోస్టుమాన్ ఇక్కడ నిలబడి ఏమంటాడు? ‘పోయిన వారం సగానికే ఇచ్చారుగా’ అంటాడా, అనడా?"

పోస్టుమాన్ తన బూట్లు చూసుకున్నాడు.

"కడగడం మూర్ఖులు చేసే తప్పు. ఇది వ్యాపారి చేసే తప్పు. కొట్టులో పుట్టానన్నావు, రెండోదానికి సాకు లేదు."

నిన్నటి నుంచీ ఇంగ్రిడ్ తన తప్పుని పట్టుకుని ఎంత తిప్పి చూసినా, ఈ వైపు ఆమెకి కనబడలేదు. మొస్యూ లామీ వంక చూసింది. ఆయన మీసం కింద ఏ సాయమూ లేదు. సోలాంజ్ ఖాళీ బుట్ట చేతికి తగిలించుకుంది. ఆ బుట్ట కొండెక్కితే ఇక దిగదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆవిడ కోసినది పోను ముప్ఫై మిగిలాయి. సగానికి అమ్మితే ధర పోతుంది. పూర్తికి అమ్మితే పరువు పోతుంది. పారేస్తే ఆయన తల్లి లేచొస్తుంది. డులూత్‌లో చలికాలం చివర్లో నాన్న ఏం చేసేవాడు? వంకరపోయిన గాలాల్ని ఆయన ఎన్నడూ తగ్గించి అమ్మలేదు. మంచి గాలపుకర్ర కొన్నవాడి సంచిలో మాట్లాడకుండా రెండు పడేసేవాడు.

ఇంగ్రిడ్ తడిగుడ్డ తీసుకుంది. సోలాంజ్ కళ్లు చిట్లించింది. ఆమె కడిగింది పలకని. సుద్ద అందుకుని మళ్లీ రాసింది. ‘ఇవి అమ్మకానికి కాదు. పెద్ద చీజులో ముక్క కొన్నవాళ్లకి ఒకటి ఊరికే. నా తప్పు రుచి చూడండి. అసలుది వచ్చే శుక్రవారం, మామూలు ధరకి.’

"సగం ధర కూడా ధరే మదామ్. ఊరికే ఇచ్చింది ధర కాదు," అంది. "వచ్చేవారం ఊరికే ఇమ్మని ఎవరూ అడగలేరు."

"ఇప్పటికే అమ్మినవి?"

ఇంగ్రిడ్ వరస వైపు తిరిగింది. "అయ్యా, అమ్మా. ఇందాక సగానికి కొన్నవాళ్లు దయచేసి వెనక్కి రండి. మీ డబ్బు తీసుకోండి. చీజు ఉంచుకోండి."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత పోస్టుమాన్ వచ్చాడు. అతని వెనక లావుపాటావిడ. డబ్బు తీసుకోవడం, తీసుకున్న సిగ్గుకి ఎదురుగా కనబడ్డ పెద్ద చీజులో ఒక ముక్క కోయించుకోవడం. మొస్యూ లామీ కత్తికి ఊపిరాడలేదు. ఆయన వంగి సోలాంజ్‌తో, "పోయిన నెలంతా ఇంత కోయలేదు" అన్నాడు.

"నీ సంగతి నేనడిగానా?" అంది సోలాంజ్. తర్వాత ఇంగ్రిడ్‌ని అడిగింది, "మీ కొట్టులో ఏం అమ్ముతారు?"

"గాలాలండీ."

"తెలుస్తూనే ఉంది." బుట్ట కిందికి దించి బల్ల మీద పెట్టింది. "వచ్చే శుక్రవారం తెస్తాను లామీ. కానీ ఊరికే కాదు. ఈ పిల్ల సోమవారం నుంచి కొండ మీదికి రావాలి. పంతొమ్మిది రోజులు, డెబ్భై రెండు చీజులు, రోజుకి రెండుసార్లు తిప్పాలి. ఒలిచిన చొక్కాలు కుట్టివ్వాలి. పొద్దున ఐదింటికి పాలబండి పంపిస్తా."

"వస్తాను," అంది ఇంగ్రిడ్. ఎవరినీ అడగకుండానే అనేసింది.

మిసెస్ ఫెల్ప్స్ ఎప్పుడొచ్చి వరస చివర్లో నిలబడిందో ఎవరూ చూడలేదు. కాగితం మొస్యూ లామీకి అందించింది. ఆయన చీజు చేత్తోనే కలం పట్టుకుని అవును గడిలో గీత పెట్టాడు. అంతటితో ఆగక పక్క గడిలోని కాదు అన్న మాట కొట్టేశాడు. టీచరు చేతిలో ఇంకో కవరు కూడా ఉంది.

"ఇది నీది ఇంగ్రిడ్. అందరికీ ఇచ్చేశాను. ఆదివారం రెండింటి రైలు. పారిస్, ఐదు రోజులు. మ్యూజియాలు, నాటకం, నది మీద పడవ." ఆమె మొహం వెలిగిపోతోంది. "రానివాళ్లుంటే రేపు సాయంత్రంలోగా ఇంటి నుంచి నాకు ఫోను రావాలి. ఆ టికెట్టు ఇంకొకరికి పోతుంది. కానీ ఎవరు రాకుండా ఉంటారు?"

ఇంగ్రిడ్ కవరు పట్టుకుని సోలాంజ్ వంక చూసింది.

"పారిస్ నుంచి వచ్చాక మొదలుపెట్టొచ్చా మదామ్?"

"పాలు ఆదివారం తోడుపెడతాను. మేకలకి పారిస్ తెలియదు," అని సోలాంజ్ బూట్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

పన్నెండు కొట్టగానే తలుపులు పడ్డాయి. ఇంగ్రిడ్ రోజూలాగే రొట్టెముక్క పట్టుకుని ఫౌంటెన్ దగ్గరికి బయల్దేరబోతే మొస్యూ లామీ తాళం తిప్పుతూ, "ఎక్కడికి? మా ఆవిడ మూడో పళ్లెం పెట్టింది," అన్నాడు. తొమ్మిది రోజుల్లో ఆ మాట ఆయన అనడం అదే మొదటిసారి.

భోజనం మధ్యలో ఆయన గ్లాసు వంక చూస్తూ అన్నాడు. "సోలాంజ్ తన గేటు లోపలికి పదకొండేళ్లుగా ఎవరినీ రానివ్వలేదు. సరుకు తనే దించుతుంది. ఆఖరిసారి లోపలికి వెళ్లింది నేను."

"తర్వాత ఎందుకు వెళ్లలేదు?"

ఆయన భార్య చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆయన రొట్టె తుంచి పళ్లెం తుడుచుకున్నాడు. "వెళ్తే నీకే తెలుస్తుంది. వెళ్లకపోతే తెలియాల్సిన పని లేదు."

పళ్లేలు తీస్తూ ఇంగ్రిడ్ ఆ వారానికి లెక్క చూసుకుంది. పోయినవి డెబ్భై రెండు చొక్కాలు, ఒక పూట పరువు. వచ్చినవి: సంతలో నిలబడి నవ్వించగల నాలుక, నిలబడ్డ కొట్టు, ఈ ఇంట్లో ఒక కుర్చీ, ఒక పారిస్, ఒక కొండ. ఆఖరి రెండూ ఆమె పేరు మీదే వచ్చాయి. రేపు సాయంత్రంలోగా వాటిలో ఒకటి వెనక్కిచ్చెయ్యాలి.